ఆశ్చర్యపడరాదని ఉత్తర్వు

మా కాలువల శాఖలో ఆశ్చర్యాన్ని రద్దు చేసి వచ్చే వైశాఖానికి రెండేళ్లవుతుంది. కాగితాల ప్రకారం ఇంతవరకు ఆ ఉత్తర్వును ఉల్లంఘించిన ఉద్యోగి జిల్లా మొత్తం మీద ఒక్కడే. ఆ ఫైలు నా చేతుల మీదుగా నడిచింది కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పగలను.

దీనంతటికీ మూలం ఒక ఊడిపోయిన తలుపు. ఎక్కడో ఒక డివిజన్‌లో నీటిని ఆపే లాకు తలుపు తుప్పు పట్టి కాలువలో పడిపోయింది. అక్కడి ఇంజనీరుగారు తన నివేదికను "సర్‌ప్రైజింగ్లీ" అనే మాటతో మొదలుపెట్టారు. పై ఆఫీసులో పెద్దాయన అది చదివి, "పదకొండేళ్లుగా తుప్పు పడుతున్న తలుపు ఊడితే మనవాళ్లు ఆశ్చర్యపోతున్నారా? బయటివాళ్లు వింటే ఏమనుకుంటారు?" అని మండిపడ్డారు. మరొకరైతే తలుపులకు రంగు వేయించి ఊరుకునేవారు. ఈయన బాగా చదువుకున్నవారు, అందుకని భాషను బాగుచేయించారు.

నెల తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. "ఇకమీదట శాఖలోని ఏ స్థాయి ఉద్యోగియైనను, సంభవించిన లేదా సంభవించబోవు ఏ ఘటన యెడలను ఆశ్చర్యము వ్యక్తపరచరాదు. సదరు ఘటన ఆశ్చర్యకరము కాదనుటకు ఈ దిగువ పేర్కొన్న ఆంగ్ల పదబంధములలో సముచితమైన దానిని ఎంపికచేసి ప్రతిపాదనలోని పదమూడవ గడిలో పూరించవలెను. గడి పూరించబడని ప్రతిపాదనలు పరిశీలనార్హములు కావు" అని అందులో ఉంది.

నా పేరు భాస్కరమూర్తి. డివిజన్ ఆఫీసులో సూపరింటెండెంటుని. ఇంగ్లీషు డ్రాఫ్టు రాయడంలో జిల్లాలో నన్ను మించినవాడు లేడని పేరు. మా నాన్నగారు కూడా గుమస్తాయే. "హియర్‌విత్" ఎక్కడ వాడాలో, "హియర్‌అండర్" ఎక్కడ వాడాలో అన్నం ముద్దలతో పాటు నాకు తినిపించారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నా చదువుకు తగిన సర్క్యులర్ రావడం అదే మొదలు. దాన్ని ఇంటికి కూడా తీసుకెళ్లి చదువుకున్నాను.

ఆ మాటలు మామూలువే. "యాజ్ యూజువల్" అంటే ఎప్పటిలాగే. ఎప్పుడూ జరిగేదానికి ప్రత్యేకంగా చెయ్యాల్సింది ఉండదు కాబట్టి ఆ మాట రాస్తే పైసా రాదు. "యాజ్ ఎక్స్‌పెక్టెడ్" అంటే అనుకున్నట్టే. అనుకున్నవాడెవడో పేరు, హోదా రాయాలి. అనుకుని ఎందుకు ఊరుకున్నావని అతన్నే అడుగుతారు. "యాజ్ యాంటిసిపేటెడ్" అంటే ముందే ఊహించి తగిన ఏర్పాట్లలో ఉన్నాం అని, ఆ ఏర్పాట్లకు ఫొటో జతచెయ్యాలి. "నాట్ సర్‌ప్రైజింగ్లీ" అంటే ఎవరూ ప్రత్యేకంగా అనుకోలేదు గానీ జరిగితే ఎవరూ ఉలిక్కిపడరు. అందరికీ ఇష్టమైన మాట అదే. చివరిది "నో వండర్", అంటే ఇందులో వింతేముంది అని. అది మరీ చనువుగా ఉంటుందని చీఫ్ ఇంజనీరు, ఆపై స్థాయి వారికి మాత్రమే కేటాయించారు.

దీని మీద మాకు ఒక రోజు శిక్షణ కూడా పెట్టారు. పట్నం నుంచి డాక్టర్ విభావరి అనే సలహాదారు వచ్చారు. పొద్దుట మాటల తేడాలు చెప్పి, మధ్యాహ్నం మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, వెనకనుంచి గాలిబుడగలు పేల్చారు. ఉలిక్కిపడినవాళ్లు ఫెయిలు. ముగ్గురు అసిస్టెంట్ ఇంజనీర్లు తప్పారు. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈ.ఈ., రాఘవరాజు గారి వెనక ఏడు బుడగలు పేల్చినా ఆయన కదల్లేదు. భోజనం బాగా పట్టి ఆయన కునుకులో ఉన్నారని మాకు తెలుసు గానీ, సలహాదారు మాత్రం ఆయనకు డిస్టింక్షన్ ఇచ్చారు. "ఇట్లాంటి అధికారి ఉన్న డివిజన్ అదృష్టం చేసుకుంది" అని చప్పట్లు కొట్టించారు కూడా.

సరిగ్గా ఆ వారమే ఏసుదానం వచ్చాడు.

కొల్లాబత్తుల ఏసుదానం ఊటలంక సెక్షన్ లస్కరు. లస్కరంటే రోజూ కాలువ గట్టు మీద తిరిగి నీటిమట్టం చూసి, ఊటలూ ఎలక బొక్కలూ కనిపెట్టేవాడు. శాఖలో అందరికన్నా కింద, నీటికి అందరికన్నా దగ్గర. ఊటలంకలో చాకలిరేవు మలుపు దగ్గర గట్టు బలహీనం. ప్రతి వరదకీ అక్కడ ఊటలు పడి మట్టి జారుతుంది. గట్టు కిందే యాభై ఇళ్ల కాలనీ. ఏసుదానం ఇల్లు కూడా అందులోనే ఉంది.

ప్రతి జ్యేష్ఠంలోనూ అతను సైకిలేసుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, ఇంటికో ఖాళీ యూరియా సంచి అడిగి తెచ్చేవాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక కాలనీవాళ్లంతా వాటిలో ఇసుక నింపి, తాటిమొద్దులు పాతి, మధ్యలో గడ్డి దోపి, మలుపు పొడవునా సంచులు పేర్చేవారు. ముప్పై ఏళ్లుగా గట్టు అట్లాగే నిలుస్తోంది. బస్తాలు ఇప్పించమని మా ఆఫీసుకి కూడా ఏటా ఒక అర్జీ ఇవ్వడం అతనికి ఆనవాయితీ. దాన్ని ఫైలు చెయ్యడం మాకు ఆనవాయితీ.

ఆ ఏడు అర్జీ చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పదమూడో గడికి ఇంతకన్నా మంచి కేసు ఎక్కడ దొరుకుతుంది?

"ఏసుదానం, ఈసారి నీకు బస్తాలొస్తాయి" అన్నాను.

ఎవరితో చెబుతున్నానో అని వెనక్కి తిరిగి చూశాడు. "నాకాండి?"

"నీకే. వెయ్యి బస్తాలు. కొత్త పద్ధతి వచ్చింది. మాట సరిగ్గా పడిందంటే పదిహేను రోజుల్లో మంజూరు."

"ఏ మాటండీ, బాబయ్యగారూ?"

"అది ఇంగ్లీషులే. నేను చూసుకుంటాను."

"ఆయ్. మరి ఎల్లుండి సంచులడగడానికి బయల్దేరదామనుకున్నానండి."

"అడక్కు. అసలు ఒక్క సంచి కూడా వెయ్యకు. నువ్వు సొంతంగా వేశావంటే గట్టు తెగుతుందని నువ్వే అనుకున్నట్టు. ఫైలు పాడైపోతుంది."

కాసేపు తువ్వాలు నలిపాడు. "వస్తాయంటారా?"

"నా మాట నమ్ము."

"మీరు చెప్పాక ఇంకేంటండి" అని దండం పెట్టి వెళ్లాడు. అతను మా ఆఫీసు మెట్లు నవ్వుతూ దిగడం నేను అప్పుడే చూశాను. ఆ పూట నాకు అన్నం కూడా హితవుగా ఉంది.

ముందు "యాజ్ యూజువల్" అని రాద్దామన్నారు ఈ.ఈ. గారు, గొడవ లేకుండా. బస్తాలు రావని గుర్తుచేసి, "యాజ్ ఎక్స్‌పెక్టెడ్" అని రాశాను. గట్టు తెగవచ్చు, అది అందరూ అనుకుంటున్నదే, కాబట్టి బస్తాలు ఇప్పించగలరు అని. పది రోజులకి ఫైలు తిరిగొచ్చింది. "ఎవరు అనుకుంటున్నారు? సదరు వ్యక్తికి అనుకొను అధికారము కలదా?" అని దాని మీద ఎర్ర సిరా.

అనుకునే అధికారాల పట్టిక కూడా జతచేశారు. దాని ప్రకారం లస్కరు అర అడుగు నీటి పెరుగుదల వరకు, అదీ ఒక రోజు ముందు మాత్రమే అనుకోవచ్చు. అసిస్టెంట్ ఇంజనీరు ఒక అడుగు. ఈ.ఈ. గారు రెండడుగులు, పంట నష్టం మినహా. గట్టు తెగుతుందని అనుకోవడం చీఫ్ ఇంజనీరు గారి అధికార పరిధిలోది. ఆయన ఆ నెలలో విదేశీ కాలువల అధ్యయనానికి వెళ్లారు. ఆయన స్థానంలో ఉన్నవారికి ఇన్‌చార్జి బాధ్యతలు ఇచ్చారు గానీ, అనుకునే అధికారం ఇవ్వలేదు.

"అయితే నాట్ సర్‌ప్రైజింగ్లీ వేసెయ్యవయ్యా. ఎవడూ అనుకోనక్కర్లేదు" అన్నారు రాఘవరాజు గారు.

వేశాను. వారానికే తిరిగొచ్చింది. గట్టు తెగితే ఆశ్చర్యపోబోమని ప్రభావిత ప్రజల నుంచి లిఖితపూర్వక హామీ జతచెయ్యాలట. ఒక్కరు తగ్గినా ఆ మాట చెల్లదు.

జీపులో ఊటలంక వెళ్లాం. కాలనీ చర్చి వరండాలో బల్ల వేసి, ఈ.ఈ. గారు మైకు పట్టుకున్నారు. "ప్రియమైన లబ్ధిదారులారా, గట్టు తెగిన పక్షంలో మీ మానసిక స్పందన ఏ విధంగా ఉండబోతుందో శాఖ తెలుసుకోగోరుతున్నది."

ముందు వరసలో కూర్చున్న మరియమ్మ అనే ముసలావిడ చేతి సంచి పక్కన పెట్టి లేచింది. "తెగితే కొట్టుకుపోతాం బాబూ. ఆచ్చర్యపోడానికి తీరికుంటదా?"

"ఆశ్చర్యపోనట్టే కదా?"

"అంతేగా మరి."

వేలిముద్ర వేయించాం. సాయంత్రానికి నూట తొంభై ఆరు మంది అయిపోయారు. చివరికి ఏసుదానం కోడలు సువర్త దగ్గర బండి ఆగింది. డిగ్రీ చదివిన పిల్ల. కాగితం పూర్తిగా చదివి, "నేను ఆశ్చర్యపోతానండి" అంది.

"ఎందుకమ్మా?" అన్నాను.

"మా పుట్టింటికాడ గట్టుకి ఊటొస్తే మర్నాడే మట్టేస్తారండి. ముందే తెలిసి కూడా తెగనిచ్చారంటే ఆశ్చర్యం కాదాండి?"

ఏసుదానం కంగారుపడి, "చిన్నపిల్లండి, తెలీదండి" అన్నాడు. ఈ.ఈ. గారు నొచ్చుకోలేదు. పొరుగు మండలం నుంచి వచ్చిన అమ్మాయికి స్థానిక పరిస్థితులపై అవగాహన లేదని గుర్తించి, శిక్షణకు సిఫార్సు చేశారు. ఆ అమ్మాయిని రెండు పూటలు మా రికార్డు గదిలో కూర్చోబెట్టి, మామగారు ముప్పై ఏళ్లుగా ఇచ్చిన అర్జీలు, వాటి మీద మేం రాసిన నోట్లు వరసగా చదివించాను. రెండో రోజు మధ్యాహ్నం సంతకం పెట్టింది. శిక్షణ ఫలించిందని రాశాను. ఆ సంతకం పెడుతున్నప్పుడు ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. నేను ఫైలు తాడు కట్టుకుంటూ కూర్చున్నాను.

ఆషాఢం సగమైంది. ఎగువన వానలు మొదలయ్యాయి. ఏసుదానం రోజూ ఫోను చేసేవాడు.

"బాబయ్యగారూ, నీరు ఎర్రబడిందండి. ఊట చెంబుడు చెంబుడు వస్తోంది. పోనీ నేను సంచులు తెచ్చుకుంటానండి."

"ఇంకా నాలుగు రోజులే. హామీపత్రాలు కూడా వెళ్లిపోయాయి. ఇప్పుడు పాడుచెయ్యకు."

"కిందటేడువి నలభై ఉన్నాయండి గట్టు మీద. అయ్యన్నా ఉంచుకుంటాను."

అవి కూడా ఉండలేదు. పై నుంచి తనిఖీ బృందం వచ్చి ఆ నలభై సంచులకీ ఫొటోలు తీసింది. "అధికారం లేని వ్యక్తి ద్వారా ముందస్తు ఊహ జరిగినట్లు ఆధారములు లభించినవి. సదరు ఊహను తక్షణము తొలగించవలెను" అని అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చింది. తొలగించే బాధ్యత లస్కరుదే. ఏసుదానం ఒక్కొక్క సంచీ వీపు మీద మోసి కిందికి దించాడు. నేను గొడుగు కింద నిలబడి లెక్కచూశాను. "పోన్లెండి, కొత్తవొస్తన్నాయి కదండీ" అన్నాడు నాతో, నన్ను ఓదారుస్తున్నట్టు. అప్పుడైనా వెళ్లి సంచులు తెచ్చుకోరా అని నేను అనాల్సింది. అనలేదు. మంజూరు ఇవాళో రేపో అన్న స్థితిలో ఉంది, నా డ్రాఫ్టు మీద నాకు నమ్మకం ఉంది.

పై ఆఫీసులో ఫైలు నిజంగానే చివరి బల్ల దాకా వెళ్లింది. అక్కడ ఒక యువ అధికారికి అనుమానం వచ్చింది. "నాట్ సర్‌ప్రైజింగ్లీ" బాగుంటుందా, "అన్‌సర్‌ప్రైజింగ్లీ" బాగుంటుందా అని. మొదటిదానిలో కాస్త వినయం ఉందనీ, రెండోదానిలో ధీమా ఉందనీ రెండు వర్గాలయ్యాయి. విషయం సలహాదారు విభావరి గారి దాకా పోయింది. ఆవిడ వీడియో సమావేశం పెట్టారు. జిల్లాలన్నీ హాజరు. నన్ను ప్రత్యేకంగా మాట్లాడమన్నారు. వినయం వైపు నేను నలభై నిమిషాలు మాట్లాడాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. మధ్యలో జేబులో ఫోను మూడుసార్లు అదిరింది, తియ్యలేదు.

తీసి ఉంటే ఏసుదానం గొంతు వినేవాణ్ణి. నేను తియ్యకపోయేసరికి అతను కంట్రోల్ రూముకి చేశాడు. అక్కడ మాటలన్నీ రికార్డవుతాయి.

"అయ్యబాబోయ్! ఇదేంటండీ! బస్తాలు రాలేదేంటండీ! గట్టు పోతోందండి, లారీ రాలేదేంటండీ!"

మధ్యాహ్నం మూడున్నరకి చాకలిరేవు మలుపులో గండి పడింది. అంతకు ముందే ఏసుదానం చర్చి గంట ఆపకుండా కొట్టి, ముసలీ ముతకా అందర్నీ రోడ్డెక్కించాడు. మరియమ్మని తన వీపు మీద మోసుకొచ్చాడు. ప్రాణాలు దక్కాయి. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా తడవని కాలనీలో నడుము లోతు నీరు నిలిచింది. పద్దెనిమిది ఇళ్లు గోడలతో సహా కూర్చున్నాయి. మొదట పోయింది ఏసుదానం ఇల్లే, మలుపుకి దగ్గర కాబట్టి.

మర్నాడు పొద్దున్న "నాట్ సర్‌ప్రైజింగ్లీ" ఖరారైనట్టు ఉత్తర్వు వచ్చింది. వినయం గెలిచింది. ఆఫీసులో నాకు శాలువా కప్పారు. దాంతోపాటే బస్తాలు కూడా మంజూరయ్యాయి, వెయ్యి. అవి వచ్చిన లారీ గండి దాకా వెళ్లే దారి లేక ఊటలంక బడి దగ్గర ఆగిపోయింది. బడిలో తలదాచుకున్న జనం వాటిని నేల మీద పరుచుకుని పడుకున్నారు. నేను వెళ్లి చూశాను. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

విచారణ సంఘం వేశారు. గండి మీద కాదు. గండి విషయంలో శాఖ మొత్తం నిబంధన ప్రకారమే నడుచుకుంది, ఎవరూ ఆశ్చర్యపోలేదు. సంఘానికి దొరికింది కంట్రోల్ రూము రికార్డు ఒక్కటే. దాన్ని నాలుగుసార్లు విన్నారు. నలభై సెకన్ల సంభాషణలో లస్కరు మూడుసార్లు స్పష్టంగా, ఉచ్చైస్వరంతో ఆశ్చర్యం వ్యక్తపరిచినట్టు తేల్చారు. "అయ్యబాబోయ్" అనేది ఆశ్చర్యమా, భయమా అని ఒక సభ్యుడికి సందేహం వచ్చింది గానీ, "ఇదేంటండీ" దగ్గర ఆయన కూడా ఒప్పుకున్నారు. సంజాయిషీ అడుగుతూ మెమో నేనే రాశాను.

నాలుగో రోజున సంజాయిషీ వచ్చింది. చేతిరాత సువర్తది, మాటలు అతనివి.

"అయ్యా, నేను ఆశ్చర్యపోయిన మాట నిజమేనండి. గట్టు తెగినందుకు కాదండి. గట్టు సంగతి నాకు తెలుసు. బస్తాలు రానందుకండి. ముప్పై ఏళ్లు తమరి బస్తాలు రావని తెలుసు గనక నా సంచులు నేను తెచ్చుకున్నాను, ఏనాడూ ఆశ్చర్యపోలేదు. ఈ ఏడు మూర్తిగారు వస్తాయన్నారు. నమ్మాను. ఆ రోజంతా లారీ కోసం రోడ్డువైపు చూశాను. కాలవ వైపు చూడాల్సినవాణ్ణి. తప్పేనండి. ఇక మీదట ఇలా జరగదు."

దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పంపాలి. సగం దాకా బాగానే నడిచింది. నా ఇరవై ఆరేళ్ల ఇంగ్లీషులో ఆ "నమ్మాను" అన్న ఒక్క మాట రాయడానికి చెయ్యి రాలేదు. తెలుగు కాగితమే తీసుకెళ్లి ఈ.ఈ. గారి ముందు పెట్టాను.

రాఘవరాజు గారు కళ్లజోడు సర్దుకుని చదివారు. మళ్లీ చదివారు. ఏడు బుడగలకి కదలని మనిషి కుర్చీలో ముందుకు జరిగారు.

"అదేమిటయ్యా! ముప్పై ఏళ్ల సర్వీసున్నవాడు! మనం పంపుతామంటే నమ్మేశాడా?"

కనుబొమలు పైకి లేచాయి, నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయింది. అది నికార్సయిన ఆశ్చర్యం. నిబంధన ప్రకారం నేను దాన్ని పై ఆఫీసుకి తెలియజేయాలి. తెలియజేయలేదు. పెద్దవాళ్ల సంగతులు రాయడం మా ఆఫీసులో అలవాటు లేదు.

ఆ సాయంత్రమే లస్కరు ఏసుదానం సస్పెన్షన్ ప్రతిపాదన తయారుచేశాను. పదమూడో గడిలో "యాజ్ యూజువల్" అని రాశాను. ఎర్ర సిరా చుక్క పడకుండా మర్నాటికే మంజూరై వచ్చింది.